ఉక్క

న్యూ మాల్డెన్. శనివారం పొద్దున్న.
చర్చి వెనక హాల్లో
పింగ్‌పాంగ్ బల్లలు గోడకి జరిపి
ఎత్తు కొలిచే కర్ర నిలబెట్టాను.
బూట్లు విప్పండి, మడమలు ఆనించండి,
ఎదురుగా చూడండి.
కొరియన్ బడికొచ్చిన పిల్లలు
బడిగంటకి ముందే వరస కట్టారు,
సగం నిద్రలో, సగం ఫోన్లలో.

నా కాగితాల్లో వాళ్ళకి పేర్లుండవు.
సున్నా ముప్పై ఏడు: నూట అరవై రెండున్నర.
సున్నా ముప్పై ఎనిమిది
నడినెత్తిమీద ముడి విప్పనంటుంది,
ముడితో కలిపి రాసుకోమంటుంది,
ఆ నాలుగు సెంటీమీటర్లూ నావేగా అంటుంది.

వారం కింద కట్టిన నల్ల పట్టీలు
మణికట్లనుంచి విప్పి తీసుకుంటున్నాను.
ఏడేసి రాత్రులు వాటి కడుపులో ఉన్నాయి.
తెరమీదికి ఒంపితే
ఒంటిగంట దాకా గతుకులు, ఆ తరవాతే చదును.
ఒక్క పట్టీ మాత్రం
రోజూ ఎనిమిదిన్నరకే పడుకుంది, బుద్ధిగా.
దాని తాలూకు పద్నాలుగేళ్ళవాణ్ణి అడిగితే
సాక్స్ చిల్లులోంచి బొటనవేలు చూసుకుంటూ చెప్పాడు:
"మా తమ్ముడి చేతికి కట్టాను.
వాడికి నిద్రొస్తుంది."

ప్రశ్నల కాగితానికి రెండు వైపులు.
ఇటు ఒళ్ళు: తలనొప్పి, కడుపునొప్పి, ఆయాసం.
అటు మనసు: దిగులు, కోపం, భయం.
గత రెండు వారాల్లో ఎన్నిసార్లు?
లేదు లేదు లేదు అంటూ
పెన్నులు మెట్లు దిగినట్టు దిగిపోతాయి.
ఇంగ్లీషులో అచ్చు వేశాం, కొరియన్‌లో అచ్చు వేశాం,
రెంటిలోనూ అందరూ క్షేమం.

సున్నా యాభై ఒకటి ఆగింది.
పెన్ను గాల్లో పట్టుకుని
"తప్‌తప్‌కి గడి లేదా?" అంది.
అంటే ఏమిటన్నాను.
అరచేత్తో రొమ్ముమీద కొట్టి చూపించింది,
లోపల ఎవరో ఉన్న తలుపు తట్టినట్టు.

డాక్టర్ ప్రింగిల్ మంచి మనిషి.
మోకాళ్ళమీద కూచుని మరీ అడిగింది:
ఊపిరందదా, నొప్పా, గుండె దడా?
కాదు. కాదు. కాదు.
పోనీ, విచారమా?
విచారం కూడా కాదు.
"ఇతరములు అని రాయి" అంది నాతో, మెల్లిగా లేస్తూ.

నాకు బెజవాడ మే నెల గుర్తొచ్చింది.
మబ్బు పట్టి కురవని సాయంత్రం.
ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు.
చెమట ఒంటిదా, చిరాకు మనసుదా
ఎవరూ విడదియ్యరు.
ఉక్కగా ఉందే అంటారు, అంతే,
పక్కనున్న వాళ్ళు లేచి కిటికీ తీస్తారు.

ఆ మాట ఆ పిల్లకి చెప్పాను.
ఉక్క, అంది.
ఆ క్క దగ్గర గొంతు బిగించి
నాకన్నా బాగా పలికింది.

తరవాత అడక్కుండానే చెప్పింది.
బ్యాంకు ఉత్తరాలు, ఇంటి ఓనరు ఫోన్లు,
ఆసుపత్రిలో అమ్మ గురించి డాక్టరు అన్నవి,
అన్నీ తన నోటి గుండానే ఇంట్లోకి వెళ్తాయట.
పోయిన నెల ఒక్క మాట
కొరియన్‌లోకి మార్చకుండా లోపలే ఉంచేసుకుందట.
అమ్మ ఎదురుగా కూచుని
తన పెదాలకేసే చూస్తోందట అప్పుడు.

ఏ మాట అని అడగలేదు నేను.
అడక్కూడదో, అడగాలో
మాకిచ్చిన శిక్షణలో లేదు.
కాగితం బోర్లా పెట్టి
డాక్టర్ ప్రింగిల్‌ని మళ్ళీ పిలిచాను.
ఈసారి కుర్చీ తెచ్చుకోమన్నాను.

హాలు కిటికీలు ఏనాటి రంగుకో అతుక్కుపోయాయి.
వీధి తలుపు తెరిచి బల్ల అడ్డం పెట్టాను.
అక్టోబరు గాలి ఒక్కసారిగా చొరబడి
ఫారాలన్నీ నేలపాలు.
తమ్ముడికి పట్టీ కట్టినవాడు వంగి ఏరుతున్నాడు,
అంకెల వరస తప్పించి.

సున్నా ముప్పై ఎనిమిది
జుట్టు విప్పుకుని వచ్చి
మళ్ళీ కర్రకి ఆనుకుంది.
ఇప్పుడు చూడండి, అంది.